ఒక ఊరిపేరు – అనేక సంకేతాలు: డెస్క్‌టాప్, వెబ్ అనువర్తనాల్లో తెలుగు లిపి సమస్యలు, పరిష్కారాల చరిత్ర

వ్యాససంగ్రహం

కంప్యూటర్‌లో తెలుగు రాయడం సులభమైంది. రాసినదాన్ని భద్రపరచడం, లెక్కించడం, వెతకడం, వరుసలో పెట్టడం మాత్రం నేటికీ ప్రోగ్రామర్లను ఇబ్బంది పెడుతూనే ఉన్నాయి. తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు రావడం, కళ్లముందున్న పేరు వెతుకులాటలో దొరకకపోవడం వంటివి యాదృచ్ఛిక దోషాలు కావు. 1980ల నుంచి లిపి విషయంలో తీసుకున్న సాంకేతిక నిర్ణయాల్లో వాటి మూలాలున్నాయి. వనపర్తి జిల్లాలోని పెద్దమందడి అనే మండలం పేరును, ఆ జిల్లాలోని మరికొన్ని మండలాల పేర్లను ఉదాహరణలుగా తీసుకొని, ఈ సమస్యల చారిత్రక నేపథ్యాన్ని, వాటికి కాలక్రమంలో ఏర్పడిన పరిష్కారాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తెలుగు లిపి, యూనికోడ్, ఇస్కీ, ఫాంట్లు, డెస్క్‌టాప్ అనువర్తనాలు, వెబ్ అనువర్తనాలు, పెద్దమందడి, వనపర్తి.

1. ఉపోద్ఘాతం

పాలమూరు ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానంగా 354 మంది కవులను ఆ సంచికలో చేర్చారు. కవులు లేకపోవడం వేరు, వారి పేర్లు నమోదు కాకపోవడం వేరు అని ఆ సంచిక నిరూపించింది. నమోదుకాని పేరు లేనిదానితో సమానమవుతుందన్న ప్రమాదం అచ్చుయుగంతో ముగిసిపోలేదు. కంప్యూటర్ యుగంలో దానికి మరో రూపం వచ్చింది. ఇప్పుడు పేరు నమోదై ఉంటుంది, కాని వెతికినవారికి దొరకదు.

ఇది కేవలం సాహిత్య పరిశోధకుల ఇబ్బంది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ శాఖ 'కార్డ్' పేరుతో దస్తావేజుల నమోదును కంప్యూటరీకరించింది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న భూ భారతి పోర్టళ్లు ప్రారంభమయ్యాయి. ఈ వ్యవస్థల గుణదోషాల చర్చ ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. అయితే భూమి, పింఛను, విద్యార్హత వంటి విషయాలన్నిటా జిల్లా, మండలం, గ్రామం, వ్యక్తి అనే నాలుగు పేర్ల ద్వారానే పౌరుడు తన వివరాలను చేరుకోవలసి వస్తున్నది. కాబట్టి ఒక పేరు కంప్యూటర్‌లో ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు సామాజిక ప్రాధాన్యం ఉంది.

2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తి జిల్లా ఏర్పడింది. పెద్దమందడి అందులో ఒక మండలం. దానితోపాటు పెబ్బేరు, పానగల్, గోపాల్‌పేట, ఘన్‌పూర్, శ్రీరంగాపూర్, మదనాపూర్ మొదలైన మండలాలు ఆ జిల్లాలో ఉన్నాయి. ఈ కొద్ది పేర్లలోనే జంటాక్షరం (ద్ద), నిండుసున్న (మం), సంయుక్తాక్షరం (శ్రీ), పదం మధ్యలో పొల్లు (గోపాల్, ఘన్) అన్నీ కనిపిస్తాయి. తెలుగు అనువర్తనాన్ని పరీక్షించదలచినవారికి ఇంతకంటే మంచి జాబితా అవసరం లేదు.

2. అక్షరం, సంకేతం, రూపం

లిపికి సంబంధించి కంప్యూటర్‌లో మూడు విషయాలుంటాయి. మొదటిది భాషలోని అక్షరం. రెండవది యంత్రం భద్రపరచే సంఖ్య, అంటే సంకేతం. మూడవది తెరపైన, కాగితంపైన కనిపించే రూపం. రోమన్ లిపిలో ఈ మూడింటికీ దాదాపు ఒకటికొకటి పొంతన కుదురుతుంది. తెలుగులో కుదరదు. 'ద్ద' అన్నది చదువరికి ఒక అక్షరం. సంకేతాల లెక్కలో అది ద, పొల్లు, ద అనే మూడు. రూపంలో చూస్తే దకారమూ దాని కింద వత్తూ, అంటే రెండు. తెలుగు కంప్యూటింగ్ చరిత్రలోని చిక్కుల్లో అధికభాగం ఈ మూడింటిని కలిపివేయడం వల్ల పుట్టినవే. పరిష్కారాలన్నీ వాటిని విడదీయడం వల్ల లభించినవే.

సంకేతాల విషయంలో తొలి వ్యవస్థీకృత ప్రయత్నం ఇస్కీ. 1980లలో రూపుదిద్దుకొన్న ఈ పద్ధతిని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194గా ప్రమాణీకరించింది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, తరువాత సీడాక్‌లో కొనసాగిన జిస్ట్ సాంకేతికత దీనికి ఆధారంగా నిలిచింది. బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నిటికీ ఒకే పట్టిక ఉండాలన్నది ఇస్కీ మూలసూత్రం. తెలుగు 'ప'కూ, దేవనాగరి 'ప'కూ ఒకే సంకేతం ఉంటుంది. లిపి మార్చితే రూపం మారుతుంది. ఉచ్చారణక్రమంలో అక్షరాలను భద్రపరచాలి, వాటిని తగిన రూపంలో చూపే బాధ్యత యంత్రానిది అన్న భావన ఇక్కడే స్థిరపడింది.

1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు 1988 నాటి ఇస్కీ అమరికను ఆధారం చేసుకొన్నది. అయితే ప్రతి లిపికీ వేరే విభాగం ఇచ్చింది. తెలుగుకు దశాంశ సంఖ్యల్లో 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు దక్కాయి. ఆ ప్రకారం పెద్దమందడిలో ప (3114), ఎత్వం (3142), ద (3110), పొల్లు (3149), ద (3110), మ (3118), నిండుసున్న (3074), ద (3110), డ (3105), గుడి (3135) అనే పది సంకేతాలుంటాయి. తెరపై కనిపించేవి మాత్రం అయిదు అక్షరాలు. ఈ పదికీ అయిదుకూ మధ్య ఉన్న తేడా ఎన్నో సమస్యలకు మూలం.

3. డెస్క్‌టాప్ దశ: రూపమే సంకేతంగా మారిన కాలం

ప్రమాణం 1991లోనే వచ్చినా, సాధారణ వినియోగదారుకు అది అందడానికి పదేళ్లు పట్టింది. మైక్రోసాఫ్ట్ విండోస్‌లో తెలుగుకు సహజమైన మద్దతు 2001లో విండోస్ ఎక్స్‌పీతో, 'గౌతమి' ఫాంట్‌తో లభించింది. అంతకుముందు పత్రికలు, అచ్చుకూటాలు, కార్యాలయాలు ఆగలేదు. అవి ఎంచుకొన్న మార్గం ఫాంటు ద్వారా లిపిని మార్చడం. ఒక సాధారణ ఫాంటులో 256 స్థానాలుండేవి. రోమన్ అక్షరాలు ఉండవలసిన ఆ స్థానాల్లో తెలుగు తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు, అక్షరాల ముక్కలు చేర్చారు. యంత్రం దృష్టిలో అది రోమన్ పాఠమే. దానికి తొడిగిన ఫాంటు వల్ల మాత్రమే కంటికి తెలుగుగా కనిపించేది. డిటిపి రంగంలో విస్తృతంగా వాడిన అను ఫాంట్లు ఈ కోవకు చెందినవే.

దీన్ని నేటి ప్రమాణాలతో తప్పుపట్టడం చారిత్రక దృష్టి కాదు. నాడు అందుబాటులో ఉన్న యంత్రాలపై తెలుగును అందంగా అచ్చువేయడానికి అది ఆచరణీయమైన మార్గం. కాని అచ్చుకు సరిపోయిన మార్గం దత్తాంశానికి సరిపోలేదు. ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క అమరిక ఉండటంతో, ఒకదానిలో కూర్చిన పెద్దమందడి మరొకదానిలో అర్థంలేని గుర్తుల వరుసగా మారేది. కొన్ని ఫాంట్లలో క్రారవడి ముందు, హల్లు తరువాత వచ్చేవి. అందువల్ల శ్రీరంగాపూర్‌లోని 'శ్రీ' ఉచ్చారణక్రమంలో కాక, కంటికి కనిపించే క్రమంలో నమోదయ్యేది. అక్షరక్రమంలో పేర్లను అమర్చమంటే యంత్రం రోమన్ గుర్తుల క్రమాన్ని పాటించేది.

డెస్క్‌టాప్ అనువర్తనాల రచనలో ఈ ఇబ్బంది మరింత తీవ్రమైంది. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6 మనదేశంలో కార్యాలయ అనువర్తనాలకు ఎంతో ప్రచారంలో ఉన్న సాధనం. దాని అంతర్గత పదబంధాలు యూనికోడ్‌లోనే ఉన్నా, తెరపై కనిపించే పెట్టెలు, బొత్తాములు, జాబితాలు ఒక్కొక్క భాషకు కేటాయించిన పాత సంకేతపట్టికల ద్వారా పనిచేసేవి. గ్రీకు, రష్యన్, అరబిక్ భాషలకు విండోస్‌లో అటువంటి పట్టికలు ఉన్నాయి. తెలుగుకు లేవు. తెలుగు విండోస్‌లో నేరుగా యూనికోడ్ భాషగానే ప్రవేశించింది. ఫలితంగా, సరైన యూనికోడ్ పాఠం డేటాబేస్‌లో ఉన్నప్పటికీ అనువర్తనం తెరపై ప్రశ్నార్థకాలే వచ్చేవి. ప్రోగ్రామర్ తన రచనలో దోషం కోసం రోజుల తరబడి వెతికినా అది దొరకదు. దోషం సాధనం నిర్మాణంలోనే ఉంది. 2002లో వచ్చిన డాట్‌నెట్ కుటుంబానికి మారడం, లేదా యూనికోడ్‌ను గుర్తించే ప్రత్యేక నియంత్రణలను వాడడం దీనికి పరిష్కారమైంది. అప్పటికే ఫాంటు సంకేతాల్లో నిండిపోయిన దత్తాంశం మాత్రం వారసత్వంగా మిగిలింది.

4. వెబ్ దశ: మార్పిడి ఉద్యమం

వెబ్ ప్రచారంలోకి రాకముందే ప్రవాసాంధ్రులు రోమన్ లిపిలో తెలుగు రాసే ప్రయత్నం ఆరంభించారు. 1990లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి ఆర్‌టిఎస్‌గా ప్రసిద్ధికెక్కింది. అందులో చిన్న రోమన్ 'డి' దకారానికీ, పెద్ద 'డి' డకారానికీ గుర్తు. సాధారణ ఇంగ్లీషు వర్ణక్రమంలో పెద్దమందడిలోని చివరి రెండు అక్షరాల హల్లులు, ద, డ, రెండూ ఒకే గుర్తుతో రాస్తారు. తిరిగి తెలుగులోకి మార్చవలసివస్తే 'మందడి'యా, 'మండది'యా అన్నది యంత్రానికి తెలియదు. ఆర్‌టిఎస్ ఆ సందిగ్ధతను తొలగించింది. అయితే చిన్న, పెద్ద రోమన్ అక్షరాలను ఒకటిగానే పోల్చే అమరిక గల డేటాబేస్‌లో ఆ పాఠాన్ని వెతికితే, ఎంతో శ్రమతో నిలిపిన భేదం మళ్లీ చెరిగిపోతుంది.

1990ల చివరి నుంచి తెలుగు దినపత్రికలు వెబ్‌లోకి వచ్చాయి. ఈనాడు, వార్త వంటివి తమతమ ఫాంట్లతో పాఠాన్ని అందించాయి. ఒక పత్రికలోని వాక్యాన్ని మరొకచోట అతికిస్తే చదవడం సాధ్యమయ్యేది కాదు. సెర్చ్ ఇంజన్లకు అది తెలుగుగా కనిపించేది కాదు. ఈ స్థితిలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు తెలుగు పాఠకులకు అందాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. దాని ఆరంభానికి కృషిచేసిన వెన్న నాగార్జున 'పద్మ' అనే మార్పిడి ఉపకరణాన్ని కూడా రూపొందించారు. ఫైర్‌ఫాక్స్ విహరిణిలో చేరి, పత్రికల సొంత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపడం దాని పని. 2006లో వీవెన్ రూపొందించిన 'లేఖిని' ఆర్‌టిఎస్ పద్ధతిలో టైపు చేసిన పాఠాన్ని వెంటనే తెలుగు యూనికోడ్‌గా మార్చింది. తెలుగు బ్లాగుల విస్తరణకు అది ఎంతో తోడ్పడింది.

పద్మ వంటి సాధనం చేసే పనిని సాంకేతికంగా గమనిస్తే, రూపం నుంచి అక్షరాన్ని తిరిగి రాబట్టడమే దాని సారం. ముక్కలను గుర్తించాలి, ముందు వచ్చిన క్రారవడిని హల్లు తరువాతి స్థానానికి చేర్చాలి, వత్తును పొల్లు, హల్లుగా విడదీయాలి, వత్తు తరువాత వచ్చిన గుణింతపు గుర్తును సరైన చోట నిలపాలి. ప్రతి ఫాంటుకూ ప్రత్యేక పట్టిక కావాలి. అంతకుముందు పదేళ్లలో కలిసిపోయిన సంకేతాన్నీ రూపాన్నీ వేరుచేసే పనిని కొందరు వ్యక్తులు స్వచ్ఛందంగా చేశారన్నది తెలుగు భాషాచరిత్రలో నమోదు చేయదగిన అంశం.

5. సాధారణ సమస్యలు – పరిష్కారాలు

యూనికోడ్ స్థిరపడిన తరువాత కూడా నాలుగు సమస్యలు తెలుగు అనువర్తనాల్లో తరచుగా ఎదురవుతున్నాయి.

*5.1 ప్రశ్నార్థకాలు, వింతగుర్తులు, ఖాళీ పెట్టెలు*

ఈ మూడూ ఒకే సమస్యగా కనిపిస్తాయి కాని కారణాలు వేరు. అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు ఉంటే, తెలుగును ఇముడ్చుకోలేని పట్టికలోకి పాఠం మారిందని అర్థం. అక్కడ మూలపాఠం నశించింది, తిరిగి రాదు. మై ఎస్‌క్యూఎల్‌లో 2018 నాటి 8.0 కూర్పుకు ముందు ఎంపిక చేయకుండానే వర్తించే పట్టిక పశ్చిమ ఐరోపా లిపిది. అటువంటి పట్టికలో తెలుగు ఊరిపేరు చేర్చితే ప్రశ్నార్థకాలుగా మిగిలే అవకాశం ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సాధారణ అక్షరరకానికి బదులు జాతీయ అక్షరరకాన్ని ఎంచుకోకపోయినా ఇదే ఫలితం.

తలపై వాలుగీత గల రోమన్ 'ఎ', దాని పక్కనే డిగ్రీ గుర్తు లేదా కూడిక–తీసివేత గుర్తు పదేపదే కనిపిస్తే విషయం వేరు. 1992లో రూపొందిన యుటిఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమూ మూడు బైట్లు తీసుకొంటుంది. వాటిలో మొదటిది ఎల్లప్పుడూ 224, రెండవది 176 లేదా 177. ఈ బైట్లను పాశ్చాత్య పట్టిక ప్రకారం చదివితే పై గుర్తులు వస్తాయి. ఇక్కడ పాఠం నశించలేదు, తప్పుగా చదవబడింది. ఫైలు, డేటాబేస్, వాటి మధ్య అనుసంధానం, వెబ్‌పుట ప్రకటన అనే నాలుగు చోట్లా యుటిఎఫ్-8 అని ఉంటే సరిపోతుంది. ఒక్కచోట లోపించినా దోషం వస్తుంది. ఖాళీ పెట్టెలు కనిపిస్తే సంకేతం సరైనదే, తగిన ఫాంటు లేదని అర్థం. సురవరం, గిడుగు, గురజాడ, పెద్దన, ధూర్జటి మొదలైన పేర్లతో ఉచితంగా లభించే ఫాంట్లను వెబ్‌పుటతోపాటే పంపడం నేడు సాధ్యమే. వరుసల మధ్య ఎడాన్ని రోమన్ లిపికి తగినట్టు బిగిస్తే వత్తులు తెగిపోతాయన్నదీ గుర్తుంచుకోవాలి.

కాబట్టి తెరపై కనిపించే చిహ్నమే దోషనిర్ధారణకు ఆధారం. నశించిన పాఠాన్ని తప్పుగా చదివిన పాఠంగా భావించి మరమ్మతుకు దిగినా, తప్పుగా చదివిన పాఠాన్ని నశించిందనుకొని వదిలివేసినా నష్టమే.

*5.2 లెక్కింపు, కత్తిరింపు*

పెద్దమందడి పొడవెంత? జావాస్క్రిప్ట్ పది అంటుంది. యుటిఎఫ్-8లో బైట్లు లెక్కించే ప్రోగ్రాం ముప్ఫై అంటుంది. బడి పిల్లవాడు అయిదు అంటాడు. పేరుకు ఇరవై బైట్ల స్థలం కేటాయించిన పట్టికలో ఈ పేరు పట్టదు. పన్నెండు రోమన్ అక్షరాలతో ఇంగ్లీషులో రాసిన ఇదే పేరు పడుతుంది. యూనికోడ్ ఎస్ఎంఎస్‌లో ఒక సందేశానికి 70 స్థానాలే ఉండగా, రోమన్ సందేశానికి 160 ఉంటాయి. ఊరిపేరొక్కటే అందులో పదింటిని తీసుకొంటుంది. పొడవైన పేరును నాలుగు సంకేతాల వద్ద కత్తిరించి చుక్కలు పెట్టే అనువర్తనంలో పెద్దమందడి 'పెద్' అని మిగులుతుంది.

చదువరి దృష్టిలోని అక్షరాన్ని లెక్కించడానికి యూనికోడ్ ప్రత్యేక నియమాలను ఏర్పరచింది. అయితే చాలాకాలంపాటు ఆ నియమాలు సంయుక్తాక్షరాన్ని పొల్లు దగ్గర విడదీసేవి. వాటి ప్రకారం పెద్దమందడిలో పె, ద్, ద, మం, ద, డి అనే ఆరు ఖండాలు వచ్చేవి. 2023 సెప్టెంబరులో విడుదలైన 15.1 కూర్పులో తెలుగుతోపాటు మరికొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదన్న నియమం చేరింది. తెలుగు వర్ణబోధలో మొదటి తరగతిలోనే తెలిసే విషయం అంతర్జాతీయ ప్రమాణంలోకి రావడానికి 32 ఏళ్లు పట్టింది. పాత కూర్పులపై నిర్మితమైన సాధనాలు ఇంకా వాడుకలో ఉన్నాయి కాబట్టి, లెక్క ఏ కూర్పు ప్రకారం వచ్చిందో ప్రోగ్రామర్ తెలుసుకోవడం అవసరం.

*5.3 వెతుకులాట*

అన్నిటికంటే హానికరమైన సమస్య ఇదే. ఎందుకంటే దోషం కంటికి కనిపించదు. గోపాల్‌పేట అన్న పేరును మూడు విధాలుగా రాయవచ్చు. పొల్లు తరువాత నేరుగా పకారం టైపు చేస్తే లకారం కింద ప-వత్తు పడి 'గోపాల్పేట' అవుతుంది. మధ్యలో ఖాళీ వదిలితే రెండు పదాలవుతాయి. సరైన రూపం రావాలంటే పొల్లు తరువాత జీరో-విడ్త్ నాన్-జాయినర్ (8204) అనే కనబడని విడదీత గుర్తును చేర్చాలి. ఆ గుర్తుతో నమోదైన పేరును ఆ గుర్తు లేకుండా వెతికితే సాధారణ పోలిక 'లేదు' అని సమాధానమిస్తుంది. ఘన్‌పూర్‌కూ ఇదే పరిస్థితి.

నిండుసున్న విషయం మరింత సున్నితమైనది. మందడిలోని నిండుసున్న (3074) స్థానంలో తెలుగు అంకె సున్న (3174) టైపు అయినా, రోమన్ 'ఓ' చేరినా తేడా కంటికి ఆనదు. యంత్రానికి మాత్రం అవి మూడు వేర్వేరు పేర్లు. ఐత్వానిదీ ఇలాంటి ప్రత్యేకతే. అది 3144 అనే ఒకే సంకేతంగానూ, ఎత్వం (3142), ఐత్వపు దీర్ఘచిహ్నం (3158) అనే జంటగానూ రాయవచ్చునని యూనికోడ్ అంగీకరించింది. ఆ రెండూ సమానమని ప్రమాణం చెబుతుంది. ప్రోగ్రాం తనంతట తాను ఆ సమానతను పాటించదు.

దీనికి ఆచరణలో స్థిరపడిన పరిష్కారం పాఠాన్ని రెండు రూపాల్లో ఉంచడం. మొదటిది వ్యక్తి రాసిన అసలు పాఠం. దాన్ని మార్చరాదు. రెండవది వెతకడానికి మాత్రమే ఉపయోగపడే తాళపురూపం. దాన్ని రూపొందించేటప్పుడు యూనికోడ్ సమీకరణ నియమాలను పాటించాలి, విడదీత గుర్తులను, ఖాళీలను, అడ్డగీతలను తొలగించాలి, పదం మధ్య పడిన అంకె సున్నను నిండుసున్నగా మార్చాలి, 'మన్దడి' వంటి వర్గానునాసిక రూపాలను నిండుసున్నతో సమానం చేయాలి. వినియోగదారు వెతికే పదానికీ ఇదే ప్రక్రియ వర్తింపజేస్తే రెండూ కలుస్తాయి.

అయితే ఘన్‌పూర్, ఘణపురం వంటి భేదాలను ఏ నియమమూ కలపలేదు. నిజాం పాలనలో ఉర్దూ, ఆ తరువాత తెలుగు, వాటితోపాటు ఇంగ్లీషు నమోదుల ద్వారా ప్రయాణించిన పేర్లవి. ఆ భేదాలు దోషాలు కావు, చరిత్ర. వాటికి పర్యాయనామాల పట్టిక ఒక్కటే మార్గం. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ఒక ప్రత్యేక సంఖ్య కేటాయించింది. గుర్తింపును సంఖ్యకు అప్పగించి, పేరును ప్రదర్శనకు పరిమితం చేస్తే పెద్దమందడి, 'పెద్ద మందడి' ఒకటేనా అన్న ప్రశ్న తలెత్తదు. వ్యక్తుల పేర్లకు, గ్రంథనామాలకు ఇటువంటి సంఖ్య అన్నివేళలా లభించదు. అక్కడ తాళపురూపమే శరణ్యం.

*5.4 వరుసక్రమం*

సంకేతసంఖ్యల ప్రకారం అమర్చితే పానగల్, పెద్దమందడి, పెబ్బేరు సరైన క్రమంలోనే వస్తాయి. అందువల్ల చిన్న పరీక్షలో దోషం బయటపడదు. 'కళ', 'కవి' అనే రెండు పదాలను చేర్చితే బయటపడుతుంది. వర్ణమాలలో ళకారం హకారం తరువాత వస్తుంది కాబట్టి కవి ముందు, కళ తరువాత ఉండాలి. యూనికోడ్‌లో ళ (3123), వ (3125) కంటే ముందున్నది. ఱకారం సైతం వర్ణమాల చివర కాక రకారం పక్కనే ఉంది. బ్రాహ్మీ లిపులన్నిటికీ ఒకే పట్టిక ఉండాలన్న ఇస్కీ సూత్రమే ఇందుకు కారణం. సంకేతసంఖ్య గుర్తింపు కోసమే తప్ప వరుస కోసం కాదని యూనికోడ్ స్పష్టంగా చెబుతూ, వరుసక్రమానికి వేరే పద్ధతిని నిర్దేశించింది. గ్రంథసూచి, పదసూచి తయారుచేసేవారు ఏ నిఘంటు సంప్రదాయాన్ని అనుసరిస్తున్నారో ముందుగా నిర్ణయించుకొని, ఆ ప్రకారం క్రమనియమాన్ని ప్రోగ్రాంకు అందించాలి.

6. 2018 'జ్ఞా' ఘటన

తెలుగు లిపి సాంకేతిక సమస్య ప్రపంచవ్యాప్తంగా వార్త అయిన సందర్భం 2018 ఫిబ్రవరిలో వచ్చింది. జ, పొల్లు, ఞ, విడదీత గుర్తు, దీర్ఘం అనే వరుసలో వచ్చిన ఒక 'జ్ఞా' రూపం ఆపిల్ ఐఓఎస్ 11.2.5 కూర్పుగల ఫోన్లలో చేరితే, దాన్ని చూపబోయిన అనువర్తనం మూతపడేది. సందేశంలోనో, ప్రకటనలోనో ఆ అక్షరం వస్తే అనువర్తనాన్ని తిరిగి తెరవడం కూడా కష్టమయ్యేది. పత్రికలు దీన్ని 'తెలుగు అక్షరం' దోషంగా వర్ణించాయి. ఫిబ్రవరి 19న విడుదలైన 11.2.6 కూర్పు దీన్ని సరిచేసింది.

లోపం తెలుగు అక్షరంలో లేదు. అక్షరాలకు రూపమిచ్చే ఆపిల్ సొంత ప్రోగ్రాంలో, ఆ సంకేతవరుస ఎదురైనప్పుడు జ్ఞాపకస్థానం చెదిరిపోవడమే అసలు దోషం. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని వరుసలు కూడా అదే దోషాన్ని కలిగించాయని అప్పుడే వెల్లడైంది. తెలుగు టైపు చేసేవారికి విడదీత గుర్తు నిత్యవ్యవహారం. గోపాల్‌పేట అని రాసే ప్రతివారూ దాన్ని వాడతారు. కోట్లమంది వాడే లిపిలో సహజంగా ఏర్పడగల వరుసలు విడుదలకు ముందు పరీక్షకు నిలవలేదన్నదే ఈ ఘటన చెప్పే పాఠం. మొదటి మూడు దశల్లో తెలుగువారు తమ లిపిని యంత్రానికి అనుగుణంగా మలచుకొన్నారు. 2018 నాటికి ఆ బాధ్యత యంత్రానిది అయింది. లోపాన్ని భాషపై మోపకుండా పదిరోజుల వ్యవధిలోనే ప్రోగ్రాంను సరిదిద్దవలసివచ్చింది.

7. పరిశోధనారంగానికి అన్వయం

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనలు పరిశోధనగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని నిర్దేశించాయి. అవి శోధగంగ నిధిలో చేరుతున్నాయి. పాత ఫాంట్లలో కూర్చిన తెలుగు సిద్ధాంతగ్రంథం పిడిఎఫ్ రూపంలో చక్కగానే కనిపిస్తుంది. అందులో పెద్దమందడి అని వెతికితే ఏదీ దొరకదు. లోపలి పాఠం రోమన్ గుర్తుల వరుస మాత్రమే. ఒక మండలం స్థలనామాలపైనో, జానపదగేయాలపైనో ఏళ్లతరబడి చేసిన క్షేత్రపర్యటన ఫలితం తరువాతి పరిశోధకునికి అందకుండా పోతుంది. అదే విషయంపై మళ్లీ మొదటి నుంచి పనిచేయవలసిన స్థితి ఏర్పడుతుంది.

మార్పిడి సాధనాలు ఉన్నాయి కాని వాటి ఫలితాన్ని నేరుగా స్వీకరించరాదు. క్రారవడి స్థానం, అరసున్న, శకటరేఫ, ఉద్ధరణల్లోని ప్రాచీన రూపాలు మార్పిడిలో తారుమారయ్యే అవకాశం ఎక్కువ. అరసున్న, శకటరేఫ లోపిస్తే పద్యసాహిత్య చర్చలో ఆధారమే మారిపోతుంది. పరిష్కర్త తాళపత్రప్రతులను సరిచూసినంత శ్రద్ధతో మార్పిడి చేసిన పాఠాన్ని మూలంతో సరిచూడాలి. మూలఫైలును పారవేయక భద్రపరచాలి. కొత్తగా రాసేవారు మొదటి నుంచే యూనికోడ్‌లో రాయడం, పిడిఎఫ్ నుంచి ఒక వాక్యాన్ని ప్రతిచేసి వేరొకచోట అతికించి పరీక్షించడం కనీస జాగ్రత్తలు.

8. ముగింపు

తెలుగు అనువర్తనాల్లో ఎదురయ్యే సాధారణ దోషాలకు మూలం అక్షరాన్ని, సంకేతాన్ని, రూపాన్ని ఒకటిగా భావించడం. ఫాంట్ల దశలో రూపమే సంకేతమైంది. మార్పిడి దశలో స్వచ్ఛంద కార్యకర్తలు వాటిని విడదీశారు. యూనికోడ్ దశలో సంకేతం స్థిరపడినా, సంకేతాన్నే అక్షరంగా లెక్కించే పొరపాటు కొనసాగింది. 2023 నాటి నియమం దాన్నీ కొంతవరకు సరిచేసింది.

ఈ చరిత్ర తెలిసిన ప్రోగ్రామర్ ప్రశ్నార్థకాలను చూసి ఫాంటు మార్చడు. దొరకని పేరును చూసి దత్తాంశం లేదనుకోడు. పేరును భద్రపరచడం, చూపడం, లెక్కించడం, వెతకడం, వరుసలో పెట్టడం అయిదు వేర్వేరు పనులని, ఒక్కొక్కదానికి వేరే పరీక్ష అవసరమని గ్రహిస్తాడు. ఆ పరీక్షలకు తగిన పేర్లు వనపర్తి జిల్లా మండలాల జాబితాలోనే ఉన్నాయి. కంప్యూటర్ సైన్సు విభాగాలు, తెలుగు శాఖలు కలిసి జిల్లాలవారీగా స్థలనామాల పర్యాయపట్టికలను రూపొందించి అందరికీ అందుబాటులో ఉంచితే, ఒక ఊరివారు తమ ఊరిపేరును ఏ విధంగా రాసినా తమ నమోదును చేరుకోగలుగుతారు.